వాల్వు నుంచి పొయ్యి దాకా

పేపర్లో ‘గ్యాస్ బండ పేలి ఇల్లు ధ్వంసం’ అన్న వార్త కనబడితే నా కళ్లు ముందు ఫొటోలో బండ ఎక్కడుందో వెతుకుతాయి. చాలాసార్లు అది ఓ మూలన నిలబడే ఉంటుంది. రంగు మాడిపోయి ఉంటుంది, నల్లబడి ఉంటుంది, కానీ పగిలి ఉండదు. రేకులు లేచిపోతాయి, గోడ కూలుతుంది, తలుపు ఊడి వాకిట్లో పడుతుంది. పేలిందని పేరుపడ్డ బండ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నిజానికి పేలింది గది. బండలోంచి బయటికొచ్చిన గ్యాసు గదిలో పరుచుకుని, గాలితో కలిసి, ఏదో ఒక రవ్వ తగలగానే మొత్తం ఒకేసారి అంటుకుంది.

నేను నారాయణఖేడ్‌లో గ్యాస్ మెకానిక్‌ని. మొదట్లో బండలు మోసేవాణ్ని. ట్రాలీ ఆటోలో వేసుకుని కంగ్టి, మనూరు, నాగల్‌గిద్ద, సిర్గాపూర్ దిక్కు ఊళ్లూ తండాలూ తిరిగేవాణ్ని. తర్వాత ఏజెన్సీ వాళ్లు ట్రైనింగ్‌కు పంపారు. వచ్చాక చేతికి రెంచి, సబ్బు సీసా, వాషర్ల పొట్లం ఇచ్చారు. అప్పట్నుంచి ఇదే పని. మా ప్రాంతం 1956 దాకా బీదర్ జిల్లాలో ఒక తాలూకా. తర్వాత మెదక్‌లో కలిసింది, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. సరిహద్దు ఊళ్లు కాబట్టి ఒక్క పూటలో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అన్నీ వినబడతాయి. కంపెనీ ఇచ్చే జాగ్రత్తల కాగితం ఏ భాషలో ఉన్నా చివరికి పప్పు డబ్బా కిందికే పోతుంది. అందుకని నేను చెప్పడం తగ్గించి చూపించడం మొదలుపెట్టాను. సబ్బు నురుగు పూసి, ‘చూడు యాడీ (అమ్మా), ఇక్కడ బుడగ లేస్తుందా’ అంటే తండాలో ఏ వయసు ఆడమనిషైనా పట్టేసుకుంటుంది.

బండంటే మా దగ్గర జనానికి రెండు రకాల మనసు. ఒకటి భయం. పొయ్యి వెలిగించేటప్పుడు మొహం అటు తిప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండోది మరీ ధీమా. నిండు బండను మెట్ల మీంచి దొర్లించేవాళ్లు, దాని మీద కూర్చుని బీడీ కాల్చేవాళ్లు. ఇద్దరి చూపూ బండ మీదే ఉంటుంది. నా చూపు బండ మూతి నుంచి పొయ్యి దాకా ఉన్న ఆ నాలుగైదు అడుగుల మీద ఉంటుంది. వాల్వు లోపలి వాషర్, రెగ్యులేటర్, పైపు, పైపు రెండు కొసలు, పొయ్యి నాబులు. నేను వెళ్లిన లీకుల్లో దాదాపు అన్నీ ఇక్కడివే.

ఇనుము సంగతికొస్తే, ఇంటి బండను ఫ్యాక్టరీలో చదరపు సెంటీమీటరుకు 25 కిలోల ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారు. మామూలు ఎండాకాలంలో లోపల ఉండే ఒత్తిడి దానికి చాలా తక్కువ. రెగ్యులేటర్ దాటి పైపులోకి వచ్చేసరికి అది 30 గ్రాములు. కిలోలు కావు, గ్రాములు. అందుకే రెగ్యులేటర్ తర్వాత లీకైతే బుస్సుమని చప్పుడు రాదు. చప్పుడు లేదు కాబట్టి ఏమీ లేదనుకుంటారు.

బండ గొంతు చుట్టూ ఉన్న పట్టీల్లో ఒకదాని లోపలివైపు ఏ-27, సి-28 అని రాసుంటుంది. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి, డి అలాగే మిగిలిన ఆరు నెలలు. పక్కనున్న అంకె సంవత్సరం. ఇది గ్యాసుకు ఎక్స్‌పైరీ డేటని ఫోన్లలో ఏళ్ల తరబడి తిరుగుతోంది. మందుబిళ్లలకున్నట్టు గ్యాసుకు గడువేమీ లేదు. అది బండను మళ్లీ పరీక్షకు పంపాల్సిన గడువు. కొత్త బండకు పదేళ్లకు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి. గడువు దాటిన బండ ఇంటికొస్తే తీసుకోవద్దు, అంతే. ‘గ్యాసు పాతదైందన్నా, వాసనొస్తుంది’ అని ఫోన్ చేసినవాళ్లకు మాత్రం నేను గడువు సంగతి తర్వాత చెబుతా. ముందు వాసన సంగతి చూస్తా.

లోపలుండేది ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు గ్యాసుల కలగలుపు. రెండూ ముడిచమురు శుద్ధి చేసేచోటా సహజవాయువు తీసేచోటా దొరికేవే. ఒత్తిడి పెడితే నీళ్లలాంటి ద్రవంగా మారతాయి, వదిలితే మళ్లీ గ్యాసవుతాయి. బండ ఊపితే గలగలమనేది ఆ ద్రవమే. 33 లీటర్ల నీళ్లు పట్టే బండలో 14.2 కిలోలు, అంటే దాదాపు 26 లీటర్ల ద్రవం మాత్రమే నింపుతారు. ‘నిండా నింపకుండా మోసం చేస్తున్రు’ అని ఒకాయన నాతో లొల్లి పెట్టుకున్నాడు. ఖాళీ వదలకపోతేనే మోసం. ఎండకు ద్రవం పెరుగుతుంది, పెరగడానికి చోటుండాలి. ఆయనకు నమ్మకం కుదరక తూకం వేయించుకున్నాడు. బండ మీద రాసున్న ఖాళీ బరువుకు 14.2 కలిపితే సరిపోయింది. తూకం అడగడం తప్పేం కాదు, ప్రతి ఒక్కరూ అడగాలి. డెలివరీకి వచ్చేవాడి దగ్గర తూకపు కాంటా ఉండాలన్నది నియమం. లేదంటే ఎందుకు లేదో అడగండి.

ఈ రెండు గ్యాసుల్లో ప్రొపేన్ హుషారైంది. సున్నాకు 42 డిగ్రీల కింద కూడా అది మరిగి గ్యాసవుతుంది. బ్యూటేన్ మాత్రం దాదాపు సున్నా దగ్గరే మొండికేస్తుంది. మా జిల్లాలో దీని ప్రతాపం చలికాలంలో కనబడుతుంది. డిసెంబర్, జనవరిలో రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రత అంటే వార్తల్లో తరచూ మా జిల్లా కోహీర్ పేరే వస్తుంది. ఆ రోజుల్లో పొద్దున్నే ఫోన్లు మొదలవుతాయి. ‘బండలో గ్యాసున్నది, ఊపితే తెలుస్తున్నది, మంట మాత్రం లేస్తలేదు.’ ముందు తేలికైన ప్రొపేన్ ఎక్కువగా వెళ్లిపోయింది, అడుగున బ్యూటేన్ మిగిలింది, చలికి అది లేవడం లేదు. మధ్యాహ్నం ఎండ తగలగానే అదే బండ మళ్లీ మండుతుంది. ఇదే ఎండాకాలంలో ఎవరూ ఫోన్ చేయరు.

అసలు తంటా పెళ్లిళ్లలో. వంటవాళ్లు పెద్ద డేగీషాల కింద భట్టీ పొయ్యిలు పెట్టి 19 కిలోల కమర్షియల్ బండలు ఫుల్లుగా తిప్పుతారు. ద్రవం గ్యాసుగా మారాలంటే వేడి కావాలి. ఆ వేడిని అది తన నుంచీ బండ ఇనుము నుంచీ లాక్కుంటుంది. కాసేపటికి బండ చల్లబడి బయట తడి పడుతుంది, ఇంకాసేపటికి తెల్లగా మంచు పేరుకుంటుంది. మంచు గీత ఎక్కడుందో లోపల ద్రవం అక్కడిదాకా ఉన్నట్టు. పాత వంటవాళ్లు చేత్తో తడిమి ఎంత మిగిలిందో చెప్పేస్తారు. అంతవరకు మంచి ఇగురమే. బిర్యానీ దమ్ము మీదుండగా మంట తగ్గిందంటే మాత్రం ఆ ఇగురమంతా పోతుంది. కొందరు బండను అడ్డంగా పడుకోబెడతారు. ఇంకొందరు సలసల కాగే నీళ్లు పోస్తారు. బండ కింద చిన్న మంట పెట్టినవాణ్ని కూడా చూశాను.

పడుకోబెడితే ఏమవుతుంది? వాల్వు దగ్గరికి గ్యాసు బదులు ద్రవం వస్తుంది. ఒక లీటరు ద్రవం బయటికొస్తే సుమారు 250 లీటర్ల గ్యాసవుతుంది. పొయ్యి దగ్గర జానెడు మంట ఉండాల్సిన చోట మనిషెత్తు మంట లేస్తుంది. షామియానా కింద. మంచు పట్టడం బండ తప్పు కాదు, దాని నుంచి ఒకేసారి అంత గ్యాసు లాగడం తప్పు. రెండు బండలు కలిపి వాడితే ఒక్కోదాని మీద భారం సగమవుతుంది, మంచు పట్టదు. దీనికయ్యే ఖర్చు పెళ్లి ఖర్చులో లెక్కలోకే రాదు. అయినా ప్రతి సీజన్‌లో ఇదే వాదన. ‘మా నాయన కాలం నుంచి గిట్లనే చేస్తున్నం’ అంటారు. వాళ్ల నాయన కాలంలో కట్టెలు.

ప్రొపేన్‌ను ఒక్కదాన్నే బండల్లో నింపి వాడే దేశాలున్నాయి. చలి ఎక్కువ కాబట్టి బ్యూటేన్ అక్కడ పనికిరాదు. నా దోస్తు కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. పెరట్లో గ్రిల్లు కింద తొమ్మిది కిలోల ప్రొపేన్ బండ పెట్టుకున్నాడు. దాన్ని ఇంట్లో పెట్టుకోవద్దని అక్కడి నియమం. వీడియోలో చూపిస్తూ, ‘అంకుల్, మనం వంటింట్లోనే పెట్టుకుంటాం కదా, అది డేంజర్ కాదా’ అన్నాడు. కాదనలేను. మనకు పెరడు లేదు, బయట పెడితే కుక్కలు, పిల్లలు, దొంగలు. కాబట్టి బండ వంటింట్లోనే ఉంటుంది, మనమే దానికి తగ్గట్టు మసలాలి. కొత్త ఏసీల్లో కొన్నింటిలో చల్లదనానికి వాడేది కూడా ప్రొపేనే, ఆర్-290 అని రాసుంటుంది. చాలా కొత్త ఫ్రిజ్‌లలో బ్యూటేన్ చుట్టమైన ఐసోబ్యూటేన్ ఉంటుంది. కొద్ది గ్రాములే కాబట్టి భయం లేదు. కానీ ఫ్రిజ్ మెకానిక్‌లు బీడీ ముట్టించుకుని గ్యాసు వదలడం చూశాక ఇది చెప్పాలనిపించింది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన గుణం. ఈ గ్యాసు గాలికంటే బరువు. ప్రొపేన్ ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు. బయటికొస్తే పొగలాగా పైకి లేవదు, నీళ్లలాగా పల్లానికి పోతుంది. గుమ్మం కింద నుంచి పక్క గదిలోకి, మెట్ల మీంచి కిందికి, మోరీలోకి, సంపులోకి. వాసన వచ్చిందంటే అందరూ నిలబడి ముక్కు పైకెత్తి పీలుస్తారు. నేను మోకాళ్ల మీద కూర్చుంటాను. ముక్కు నేలకు జానెడు ఎత్తులో పెడితే ఎటునుంచి వస్తుందో తెలుస్తుంది. మా దగ్గర వంటింటి కిటికీలు ఛాతీ ఎత్తులో ఉంటాయి. గ్యాసు పోవాలంటే కిటికీ ఒక్కటే చాలదు, తలుపు తీయాలి. గడప ఎత్తుగా ఉంటే తలుపు తీసినా కొంత అడుగున నిలిచే ఉంటుంది. అప్పుడు చీపురుతోనో, చాటతోనో నేల మీద నుంచి బయటికి తోయాలి. ఫ్యాను వేయకూడదు. స్విచ్చి వేసినా రవ్వే, తీసినా రవ్వే. ఫ్రిజ్ సంగతి చాలామందికి తెలియదు. అది దానంతటదే టక్కున మొదలవుతుంది, దాని మోటారు నేలకు దగ్గరగా ఉంటుంది, గ్యాసు పరుచుకునేదీ అక్కడే. వాసన వస్తున్న గదిలో ఫ్రిజ్ ప్లగ్గు పీకడానికి కూడా చేయి పెట్టవద్దు. మెయిన్ ఇంటి బయట ఉంటే అక్కడ ఆపాలి.

గాలిలో గ్యాసు రెండు శాతం కన్నా తక్కువుంటే అంటుకోదు. తొమ్మిది దాటినా అంటుకోదు, గాలి చాలదు. ఆ మధ్యలో ఉంటేనే ప్రమాదం. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న వంటింట్లో రెండు శాతం చేరాలంటే ఎంత కావాలో ఒకసారి మా కాలేజీ పిల్లాడితో లెక్క వేయించాను. కిలో, కిలోంపావు. నిండు బండలో అది పదో వంతు కూడా కాదు. నేల దగ్గరే పోగవుతుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే చాలు. రాత్రంతా నాబు కొంచెం తెరుచుకుని ఉంటే, తలుపులు మూసి ఉంటే, తెల్లారి లైటు వేసేవాళ్లకు అదే జరుగుతుంది.

పెద్ద ఎత్తున కూడా ఇదే లెక్క. 1997 సెప్టెంబర్ 14 ఆదివారం పొద్దున విశాఖపట్నం హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో జరిగింది ఇదే గ్యాసు ప్రమాదం. ఓడ నుంచి గ్యాసు దింపుతుండగా లీకై, మబ్బులా పరుచుకుని అంటుకుంది. దాదాపు 60 మంది పోయారు. 2024 డిసెంబర్ 20న జైపూర్ దగ్గర అజ్మీర్ రోడ్డు మీద మలుపు తిరుగుతున్న గ్యాస్ ట్యాంకర్‌ను లారీ గుద్దింది. లీకైన గ్యాసు రోడ్డు వెంట పాకి అంటుకుని, వెనకాలా ముందరా ఆగి ఉన్న వాహనాలను తగలబెట్టింది. మా దగ్గర 161 నంబరు జాతీయ రహదారి మీద గ్యాస్ ట్యాంకర్ ఏదైనా పక్కకు ఒరిగి కనబడితే చూడ్డానికి దగ్గరికి పోవద్దని మావాళ్లకు చెబుతుంటాను. గాలి ఎటు వీస్తుందో చూసి, దానికి ఎదురుగా, ఎత్తు వైపు పోవాలి. బండి ఇంజిను ఆపేసి నడిచిపోవాలి. వీడియో తీయాలన్న ఆశ మాత్రం ఎవరికీ చావదు.

విశాఖలోనే ఇంకో విషయం ఉంది, అది నాకు ముచ్చట. సముద్రమట్టానికి చాలా లోతున రాతిలో గుహ తొలిచి అందులో 60 వేల టన్నుల గ్యాసు దాచారు. చుట్టూ రాతిలో ఉన్న నీటి ఒత్తిడే గ్యాసును బయటికి పోకుండా పట్టి ఉంచుతుంది. బరువైన గ్యాసు పల్లానికి పోతుందని మనం భయపడే గుణం అక్కడ ఎవరికీ అడ్డు కాదు. అది ఎలాగూ అడుగునే ఉంది.

వాసన గురించి. ప్రొపేన్‌కు గానీ బ్యూటేన్‌కు గానీ చెప్పుకోదగ్గ వాసన లేదు. ఇథైల్ మెర్‌కాప్టన్ అనే పదార్థాన్ని చిటికెడు కలుపుతారు, ఆ కుళ్లిన ఉల్లిగడ్డ కంపు దానిదే. బండ అయిపోవచ్చినప్పుడు వాసన ఎక్కువగా తోస్తుంది. అది లీకనుకుని ఫోన్ చేసినా నేను విసుక్కోను. విసుక్కుంటే రేపు నిజంగా లీకైనప్పుడు చేయరు. ఖేడ్‌లోనే ఒక ఇంట్లో మూడు రోజులు ఎలుక చచ్చిందని సామాన్లన్నీ బయటేసి వెతికారు. ఎలుక దొరకలేదు. పొయ్యి వెనకాల పైపును నిజంగానే ఎలుక కొరికింది, అది మాత్రం బతికే ఉంది. మూడు రోజులు ఎందుకు బతికారంటే వాళ్లది పాత ఇల్లు, తలుపుకింద బెత్తెడు సందు. ఇంకోటి, ఒకే వాసన కాసేపు పీలిస్తే ముక్కు మొద్దుబారుతుంది. ‘ఇందాక వచ్చింది, ఇప్పుడు లేదు’ అంటే పోయినట్టు కాదు. బయటికి వెళ్లి మళ్లీ వచ్చి చూడాలి. ముసలివాళ్లకు, జలుబు చేసినవాళ్లకు తెలియకపోవచ్చు. కరోనా తర్వాత వాసన సరిగా తెలియనివాళ్లు కొందరు నాకే తగిలారు.

రాత్రిపూట ఫోన్ వస్తే నేను అడిగే మొదటి మాట ‘ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నవ్ అన్నా?’ అని. వంటింట్లోనే అంటే, ముందు ఇంట్లో అందర్నీ తీసుకుని బయటికి రా, తర్వాత మాట్లాడుకుందాం అంటాను. రెగ్యులేటర్ నాబు చేతికి అందేలా ఉంటే కట్టేయాలి. వీలైతే రెగ్యులేటర్ తీసేసి వాల్వు మీద సేఫ్టీ టోపీ బిగించాలి. తాడుతో బండకే వేలాడుతుండే ఆ టోపీని చాలా ఇళ్లలో తెంపి పారేస్తారు, పిల్లలు బొంగరం చేసుకుంటారు. బండ వాల్వే కారుతుంటే దాన్ని ఆపగలిగేది ఆ టోపీ ఒక్కటే. నేను అందకపోతే 1906కు చేయాలి. దేశం మొత్తానికి గ్యాసు లీకులకు అదే నంబరు, పగలూ రాత్రీ పనిచేస్తుంది.

వాల్వు లోపల నల్లటి రబ్బరు ఉంగరం ఒకటుంటుంది. మేమంతా వాషర్ అంటాం. ఖరీదు రూపాయల్లోనే. నేను వెళ్లిన లీకుల్లో పెద్ద వాటా దానిదే. ఎండిపోయి పగులుతుంది, లేదా అసలు ఉండదు. కొత్త బండ రాగానే సీలు తీసి, టోపీ విప్పి, లోపల వాషర్ ఉందో లేదో చూసి, రెండు చుక్కలు నీళ్లు వేసి బుడగలు వస్తున్నాయో చూపించాల్సింది డెలివరీవాడు. ఎండలో నలభై ఇళ్లు తిరగాల్సినవాడు ఇదంతా చేస్తాడా అంటే, చేసేవాళ్లున్నారు, సంతకం పెట్టించుకుని పరిగెత్తేవాళ్లూ ఉన్నారు. నేనూ మోసినవాణ్నే కాబట్టి వాళ్ల నడుములేంటో తెలుసు. అందుకే ఇంట్లోవాళ్లకే నేర్పుతాను. వాషర్ లేని బండ తీసుకోవద్దు, వాషర్ తీసి చూడ్డానికి స్క్రూడ్రైవర్ పెట్టి పొడవద్దు, రెగ్యులేటర్ పెట్టేటప్పుడు నల్ల రింగు పైకెత్తి నొక్కి వదిలితే టక్కుమనాలి. అనకపోతే కూర్చోలేదన్నట్టు. అగ్గిపుల్ల గీసి లీకు చూసే పద్ధతి మాత్రం ఇంకా పోలేదు. ‘చిన్న మంటే కదన్నా’ అంటారు.

మా ప్రాంతపు వంటింట్లో ఒక చిక్కుంది, దాన్ని ఏ కాగితమూ పట్టించుకోలేదు. పొయ్యి బండకన్నా ఎత్తులో, గట్టు మీద ఉండాలని నియమం. ఇక్కడ తిండి జొన్నరొట్టె. రొట్టె కొట్టాలంటే కూర్చోవాలి, నిలబడి ఆ పని సాగదు. ఆడవాళ్లు పొయ్యిని గట్టు మీంచి దింపి నేల మీద పెట్టుకుంటారు. బండ పక్కనే ఉంటుంది, పైపు మెలికలు తిరిగి పొయ్యి అంచుకు తాకుతూ ఉంటుంది. పెంక మీద వేడి రొట్టె, పక్కన జొన్నపిండి గాలికి లేస్తుంది, బర్నర్ రంధ్రాల్లో పిండి కూరుకుని మంట పసుపుపచ్చగా మారుతుంది. నీలం మంట ఉండాలి. పచ్చ మంటంటే గాలి చాలడం లేదని గుర్తు. ఈ గ్యాసు ఒక వంతు మండటానికి పాతిక వంతులకు పైనే గాలి కావాలి. చాలకపోతే గిన్నెలు మసిబారడంతో ఆగదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన కూడా లేదు. మూసిన స్నానాల గదిలో గ్యాసు గీజర్ పెట్టుకుని చనిపోయారంటే కారణం అదే.

గట్టు మీద వండండని చెప్పి వచ్చేస్తే నేను గుమ్మం దాటకముందే పొయ్యి కిందికి దిగుతుంది. కాబట్టి నేను షాబాద్ రాళ్లతో జానెడున్నర ఎత్తు దిమ్మె కట్టించమంటాను. బండను పొయ్యికి రెండు మూడు అడుగుల పక్కన, నిలువుగా. పైపు పొయ్యి వెనక నుంచి కాకుండా పక్క నుంచి. నియమం ప్రకారం ఇది పూర్తిగా సరైంది కాదని పై అధికారి ఒకాయన అన్నాడు. జొన్నరొట్టె చేసి చూపించమన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

ఇంకో చిక్కు కట్టెల పొయ్యి. 1999లో దీపం పథకం, 2016 మే నుంచి ఉజ్వల, 2024 ఫిబ్రవరిలో మహాలక్ష్మి కింద ఐదొందల రూపాయల బండ. ఇన్ని పథకాలతో తండాల్లో కూడా దాదాపు ప్రతి ఇంట్లో బండుంది. కానీ పత్తి కట్టె, కంది కట్టె చేలో ఊరికే దొరుకుతుంటే బండను టీకీ, చుట్టాలకీ వాడతారు. వాళ్ల లెక్క వాళ్లకు సరైనదే. అయితే రెండు పొయ్యిలూ ఒకే గదిలో ఉంటాయి. కట్టెల పొయ్యిలో నివురు కింద నిప్పు రాత్రంతా ఉంటుంది, పక్కన బండ. చెరుకు కొట్టడానికి నెలల తరబడి వలస పోయేవాళ్లు రెగ్యులేటర్ తీయకుండానే తాళం వేసి వెళతారు. తిరిగొచ్చి, చీకట్లో తలుపు తీసి, అగ్గిపుల్ల గీస్తారు. వలస సీజన్‌కు ముందు తండాకు వెళితే నేను చెప్పేది ఒక్కటే. రెగ్యులేటర్ తీసి, టోపీ పెట్టి, తర్వాత తాళం వేయండి. వచ్చాక ముందు తలుపు తీసి కాసేపు అరుగు మీద కూర్చోండి. ‘అలిసిపోయి వస్తం, కూసోమంటే కూసుంటం’ అన్నదొక ముసలామె. నచ్చింది నాకా జవాబు.

పెద్ద బండలోంచి చిన్న బండలోకి, ఆటోలోకి పైపు పెట్టి గ్యాసు ఎక్కించే కొట్ల గురించి ఎక్కువ రాయను. వాళ్లకు ప్రమాదం తెలియక కాదు. చిన్న బండ కావాలంటే ఐదు కిలోలది ఏజెన్సీలోనే దొరుకుతుంది, పూర్తి రుజువులు లేకున్నా ఇస్తారు.

రిజిస్టరైన కనెక్షన్‌కు వినియోగదారుడు పైసా కట్టకుండానే ఆయిల్ కంపెనీల బీమా ఉంటుందని చాలామందికి తెలియదు. ప్రమాదంలో చనిపోతే మనిషికి 6 లక్షల దాకా. కానీ ఐఎస్‌ఐ గుర్తు లేని పైపు, సంతలో కొన్న రెగ్యులేటర్ వాడుంటే అక్కడ పేచీ మొదలవుతుంది. ఐదేళ్లకోసారి తనిఖీకి వచ్చినప్పుడు, ‘డబ్బులు గుంజడానికొచ్చిన్రు’ అని తలుపు వేసేవాళ్లకు నేనీ సంగతి చెబుతాను. కొందరు తలుపు తీస్తారు.

తనిఖీలో నేను ఎక్కువగా మార్చేది పైపు. లోపల సన్నని తీగ అల్లిక ఉండే నారింజరంగు సురక్షా పైపు మీద తేదీ ఉంటుంది, ఐదేళ్లు దాటితే మార్చాలి. పైకి బాగానే కనబడుతుంది, వంచి చూస్తే సన్నని చీలికలు. మార్చాక పాతదాన్ని ఆ ఇంట్లో వదలను. మొదట్లో వదిలేవాళ్లం. నెల తిరిగేసరికి అదే పైపు కోడళ్లు వేరు కాపురం పెట్టిన పక్కింట్లో కనబడేది, లేదంటే చాయ్ బండి మీద. ఇప్పుడు వాళ్ల కళ్లముందే నాలుగు ముక్కలు కోస్తాను. ఒకసారి ఒక రైతు ఆ ముక్కలు కూడా అడిగి తీసుకున్నాడు, ట్రాక్టర్‌కు డీజిల్ లాగడానికి. దానికి పనికొస్తుంది, ఇచ్చేశాను.